ఈ ఏడాది మొదటి సంచిక ఎందుకు రాలేదంటే

మాధ్యమాల చరిత్ర మీద మేం నడుపుతున్న పరిశోధనా పత్రిక ఈ ఏడాది మొదటి సంచిక మీకు అందలేదు. తప్పు ప్రెస్సుది కాదు, తపాలా వాళ్లదీ కాదు. సంపాదకుడి ఎంపికలో నేను పొరబడ్డాను. పదకొండేళ్లు పత్రికను చూసుకున్న సంపాదకురాలు కంటిచూపు సహకరించక తప్పుకున్నారు. ఆ సంగతి ఆరు నెలల ముందే చెప్పారు కాబట్టి, అంతా హఠాత్తుగా జరిగిందని తప్పించుకునే వీలు కూడా నాకు లేదు.

ప్రకటన ఇస్తే వచ్చిన దరఖాస్తులు కొద్దే. ఇచ్చేది నామమాత్రపు గౌరవ వేతనం. పని చూస్తే వ్యాసాలు చదవడం తక్కువ, సమీక్షకులను బతిమాలడం ఎక్కువ. ఒకరి పేరు ఒకరికి తెలియకుండా ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు నిపుణులకు పంపాలి. ఆ ఇద్దరి కోసం ఒక్కోసారి పదిమందిని అడగాల్సి వస్తుంది. వడపోత తర్వాత ఇద్దరు మిగిలారు. ఒకరు పేరున్న ఆచార్యులు. రెండో వ్యక్తి ఫిల్ములూ పాత రికార్డింగులూ భద్రపరిచే ఆర్కైవ్‌లో పనిచేసే ఒకావిడ. ఆమె పేరు అప్పటిదాకా నేను విననే లేదు.

ఇద్దరికీ ఒకే వ్యాసం పంపాను. గతంలో మేం తిప్పి పంపినదే, రచయిత అనుమతితో, పేరు తీసేసి. 1938 అక్టోబర్ 30 రాత్రి అమెరికాలో ఆర్సన్ వెల్స్ బృందం అంగారకుల దాడి మీద రేడియో నాటకం ప్రసారం చేస్తే, దేశమంతా నిజమనుకుని వీధుల్లోకి పరుగెత్తిందని అందులో ఉంది. ఆచార్యులు రెండు కామాలు సరిచేసి, ‘చాలా బాగుంది’ అని రాసి మర్నాడే తిప్పి పంపారు.

ఆమె ప్రతి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అంచుల నిండా పెన్సిల్ రాతలే. ‘పరుగెత్తారని చెబుతున్నది ఎవరు? మర్నాటి దినపత్రికలు. అప్పటికి వాటి ప్రకటనల ఆదాయానికి రేడియో గండి కొడుతోంది. పోటీదారు మాటే సాక్ష్యమా?’ అని ఒకచోట. ఆ రాత్రే 5,000 ఇళ్లకు ఫోన్ చేసిన రేటింగ్ సంస్థకు ఆ కార్యక్రమం వింటున్నామని చెప్పినవారు 2 శాతమేనని మరోచోట. అక్కడితో ఆగి ఉంటే తెలివైన విమర్శ అనుకునేవాణ్ని. కానీ 60 లక్షల మంది విన్నారని 1940లో మనస్తత్వ శాస్త్రవేత్త హాడ్లీ కాంట్రిల్ వేసిన అంచనాను కూడా పక్కనే పెట్టి, ‘రెండు లెక్కలూ ఇచ్చి, వాటి మధ్య తేడా ఎందుకొచ్చిందో రచయితే వివరించాలి’ అని రాశారు. సంపాదకత్వం అంటే ఇదే. అది నాకు ఆ రోజే తెలుసు.

తెలిసి కూడా ఆచార్యులనే ఎంచుకున్నాను. గ్రంథాలయాలు చందా పునరుద్ధరించే ముందు అట్ట లోపలి పేర్లు చూస్తాయన్న భయం నాది. మూడు రాత్రులు నిద్రపోకుండా ఆలోచించి మరీ తప్పు నిర్ణయం తీసుకున్నాను. నలభయ్యో రోజున ఆయన దగ్గర నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. పెద్ద ప్రచురణ సంస్థ పత్రిక ఒకటి పిలిచిందట. ఆ ఉత్తరంలో మన పత్రిక పేరు కూడా తప్పుగా రాశారు. ఆయనకు పంపిన పందొమ్మిది వ్యాసాల్లో ఒక్కటీ సమీక్షకు వెళ్లలేదు.

పత్రికను పెద్ద సంస్థకు అప్పగించి హాయిగా ఉండమని శ్రేయోభిలాషులు సలహా ఇచ్చారు. ఇవ్వను. లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665లో తన పరిశోధనా పత్రికను సొంత ఖర్చుతో మొదలుపెట్టాడు. నాలుగు డబ్బులు వస్తాయనుకున్నాడు, అనుకున్నంత రాలేదు. అయినా బతికున్నంత కాలం నడిపాడు. నాకూ లాభం రాకపోవడం అలవాటే.

చివరికి ఆమెకే ఫోన్ చేశాను. మొదట ఎందుకు కాదన్నానో దాచకుండా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క షరతు పెట్టారు: ఏ వ్యాసం వేయాలో, ఏది తిప్పి పంపాలో నేను నోరెత్తకూడదు, అదీ రాతపూర్వకంగా ఉండాలి. ఇన్నేళ్లూ ప్రతి సంచికలో నా మాట ఒకటైనా చెల్లేది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మనసు చివుక్కుమంది. పెట్టాను.

ఇక మీకు సంబంధించినవి. రెండు సంచికలూ కలిపి ఏడాది చివర్లో ఒకే సంపుటంగా వస్తాయి. అందరి చందా గడువు ఒక సంచిక మేర పెరుగుతుంది. ఇదివరకే అంగీకరించిన వ్యాసాలు అదే వరుసలో అచ్చవుతాయి. ఆ పందొమ్మిది మంది రచయితలకు నేనే విడివిడిగా ఉత్తరాలు రాస్తున్నాను. వ్యాసం వెనక్కి తీసుకుంటామంటే కాదనను.

ముఖచిత్రం మాత్రం ఇకపైనా నేనే ఎంచుకుంటాను. ఆ ఒక్కదానికి ఆమె ఒప్పుకున్నారు. అయితే దాని కింద రాసే వాక్యం ఆమె చూశాకే ప్రెస్సుకు వెళ్లాలట.