ఆ నాలుగు పేర్లు కూడా వేయండి

సంపాదకులు గారికి,

పాత అమెరికన్ క్రైమ్ సినిమాల మీద, అదే ఫిల్మ్ నువార్ మీద, మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. విజయనగరం గంటస్తంభం దగ్గర 40 ఏళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి కాబట్టి నీడల గురించి, లైటింగ్ గురించి రాసినదంతా ఇష్టంగా చదువుకున్నాను. కానీ ఆ సినిమాల హీరో జాన్ గార్‌ఫీల్డ్ ‘39 ఏళ్లకే గుండెజబ్బుతో చనిపోయాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మనసుకు కష్టమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుండె బలహీనమన్నది నిజమే, చిన్నప్పటి జ్వరంతో దెబ్బతింది. అయితే 1951 ఏప్రిల్‌లో ఆయన్ని కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు కూర్చోబెట్టారు. నేను కమ్యూనిస్టును కాను అన్నాడు. తోటివాళ్ల పేర్లు మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత హాలీవుడ్‌లో ఒక్క వేషం దొరకలేదు. 1952 మే 21న పోయాడు. ఆ ఏడాది టెన్షన్ గురించి రాయకుండా గుండెజబ్బు అని మాత్రం ఎలా రాస్తాం?

ఆయన 1947లో చేసిన ‘బాడీ అండ్ సోల్’ మా అమ్మాయి టీవీలో పెట్టిస్తే మూడుసార్లు చూశాను. కెమెరామన్ జేమ్స్ వాంగ్ హౌ కాళ్లకి చక్రాల బూట్లు వేసుకుని, కెమెరా చేత్తో పట్టుకుని బాక్సింగ్ రింగులో తిరుగుతూ తీశాడు. తలలో రక్తం గడ్డకట్టిన పాత చాంపియన్‌గా కెనడా లీ అనే నల్లజాతి నటుడు వేశాడు. రాత్రిపూట గాలిలోకి గుద్దులు విసురుతూ ఆయన కూలిపోయే సీను దగ్గర ఆపి, వెనక్కి తిప్పి చూశాను. డార్క్‌రూమ్‌లో ఫొటోలు కడిగే హైపో మందు వాసనలో బతికినవాళ్లకి తెలుస్తుంది, అంత చీకట్లో ముఖంలోని ఒక్క గీత కూడా పోకుండా తీయడం ఎంత కష్టమో. ఆ కెనడా లీ కూడా బ్లాక్‌లిస్టులో, అంటే కమ్యూనిస్టులన్న అనుమానంతో పని ఇవ్వకూడదనుకున్నవాళ్ల జాబితాలో, పడ్డవాడే, గార్‌ఫీల్డ్ కన్నా 12 రోజుల ముందే పోయాడు. అందులో తల్లిగా వేసిన అన్ రివీర్ అంతకుముందే ఆస్కార్ తీసుకున్న మనిషి, కమిటీకి జవాబు చెప్పనన్నందుకు దాదాపు 20 ఏళ్లు సినిమాలో కనిపించలేదు. తండ్రిగా వేసిన ఆర్ట్ స్మిత్‌దీ అదే గతి. విలన్ వేషం వేసిన లాయిడ్ గఫ్‌కైతే, 1952లో చేసిన ఇంకో సినిమాలో బొమ్మ ఉంచి టైటిల్స్‌లోంచి పేరు తీసేశారు.

మన దగ్గర ఇదే తిరగబడి జరిగింది. కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి మీద నిర్బంధం వచ్చాక గరికపాటి రాజారావు, మిక్కిలినేని, అల్లు రామలింగయ్య వంటివారిని మద్రాసు సినిమా చేరదీసింది.

అందరికీ అలా జరగలేదు లెండి. 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు నేను ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్నాను. షోకేసులో ఒక నాటకాలాయన పెద్ద ఫొటో ఉండేది. ఎర్రజెండా పాటలు పాడేవాడని పోలీసులు ఆయన గురించి వాకబు చేశారు. ఆ సాయంత్రం మా గురువుగారు ‘ఒరే, ఆ పటం తీసీరా, మనకెందుకు గొడవ’ అన్నారు. నేనే స్టూలెక్కి తీశాను. మర్నాడు ఆ నాటకాలాయన అటుగా వెళ్తూ, ఖాళీగా ఉన్న మేకుని చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. మళ్లీ మా స్టూడియో మెట్లు ఎక్కలేదు. ఆయనకి నాటకాలు కూడా తగ్గిపోయాయని తర్వాత విన్నాను. నేను వెళ్లి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

మీరు వేసిన ఫొటోల్లో గార్‌ఫీల్డ్ పక్కన నిలబడ్డవాళ్లకి పేర్లు లేవు. వచ్చేవారం సవరణగానైనా కెనడా లీ, అన్ రివీర్, ఆర్ట్ స్మిత్, లాయిడ్ గఫ్ అని వేయండి. స్థలం చాలకపోతే నా ఉత్తరం ఎక్కడ కత్తిరించినా ఫరవాలేదు, ఆ నాలుగు పేర్లు మాత్రం ఉంచండి.

— ఒక పాత ఫొటోగ్రాఫర్, విజయనగరం