“అంతుచిక్కని తెగులు” అని రాయడం ఆపండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో “వరికి అంతుచిక్కని తెగులు” అని హెడ్డింగ్ చూసాను. ఏటా ఇదే టైంకి, వెన్ను బయటికొచ్చిందనగానే ఈ హెడ్డింగ్ కూడా వచ్చేస్తాది, ఊరి పేరొక్కటే మారతాది. వెన్ను మెడ దగ్గర నల్లగా కమిలి వాలిపోయింది, గింజంతా తాలు అని మీ విలేకరి గారే రాసారు, అంటే మెడ విరుపు, అంటే అగ్గి తెగులే కదండీ. మా తాతల కాలం నుంచి ఉన్నదానికి అంతు చిక్కకపోవడం ఏటి?

నేనేం పెద్ద చదువులోణ్ణి కాను. నరసన్నపేట దగ్గర పల్లెలో మూడెకరాల పల్లం, ఎకరంన్నర మెట్ట ఉంది, పల్లంలో వరి, మెట్టలో చోడి, అంటే రాగి. మా తమ్ముడి కూతురు అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతోంది, సెలవులకి వచ్చినప్పుడల్లా నా బుర్ర తింటాది, ఈ ఉత్తరంలో సగం దాని పుణ్యమే.

చోడికీ అగ్గి తెగులొస్తాది, వరికీ వస్తాది. మా నాన్న బతికున్నన్నాళ్ళూ చోడి చేను గాలి వరికి తగలకూడదనే వోడు. ఆ గుంటని, అదే తమ్ముడి కూతుర్ని, అడిగితే నవ్వింది, పెదనాన్నా ఈ తెగులు తెచ్చే బూజు రెండిట్లోనూ ఒకటే జాతి గానీ కుటుంబాలు వేరయిపోయాయి, చోడి మీద బతికేది మామూలుగా వరి జోలికి రాదు, జీనోం, అంటే దాని డీఎన్ఏ రాత మొత్తం, చదివితే ఆ తేడా తెలిసిపోతుంది అంది. ఇంకో మాట కూడా చెప్పింది, అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వరి మీది బూజు అసలు కొర్రల నుంచి వచ్చిందట! కొన్ని వేల ఏళ్ళ కిందట మనిషి వరి సాగు మొదలెట్టిన రోజుల్లోనే కొర్ర మీద ఉన్నది వరికి మారిందని శాస్త్రవేత్తల అంచనా. అంటే పంటని మనం మచ్చిక చేసుకుంటుంటే అది వెనకాలే వచ్చి మనల్ని మచ్చిక చేసుకుందన్నమాట.

2005లో ఈ బూజు జీనోం మొత్తం చదివేసారు, పంటలకి తెగులు తెచ్చే బూజుల్లో మొట్టమొదట చదివింది దీన్నే. సుమారు 4 కోట్ల అక్షరాలు, 11 వేల జీన్లు. ఈ లెక్కలు మనకెందుకంటారేమో, ఎందుకంటే కొత్త విత్తనం వచ్చిన రెండు మూడేళ్ళు తెగులు దగ్గరకి రాదు, తర్వాత అదే విత్తనం మంచం పట్టేస్తాది, మేమేమో కొట్టువాడు కల్తీ విత్తనం ఇచ్చాడని తిట్టుకుంటాం. అసలు సంగతి ఏటంటే, మొక్కలో ఒక జీను కాపలావాడు లాంటిది, బూజు వదిలే ఒక ప్రోటీన్‌ని గుర్తుపట్టి అలారం కొడతాది. దొంగని మీసం చూసి గుర్తుపట్టడం లాంటిదే. దొంగ మీసం తీసేస్తే? అంతే. పై-టా అని వరిలో ఒక కాపలా జీను ఉంది, అది గుర్తుపట్టే బూజు జీను క్రోమోజోం చివర్న ఉంటాది, అక్కడ ముక్కలు ఊడిపోవడం తేలిక. ఊరంతా ఒకే నంబరు విత్తనం ఎద చల్లేస్తే, మీసం తీసిన దొంగ ఒక్కడుంటే చాలు, మిగతా ఊరంతా వాడిదే.

బ్రెజిల్‌లో జరిగింది ఇలాంటిదే. 1985 దాకా గోధుమకి ఈ తెగులు లేదు. అక్కడ అనవాక్ అనే గోధుమ రకం బాగా వేసేసారు, దానికి ఒక కాపలా జీను లేదు, ఆ సందులోంచి ఒక గడ్డి మీద ఉండే బూజు గోధుమకి అలవాటు పడిందని 2017లో జీన్లు చూసి తేల్చారు. 2016 ఫిబ్రవరిలో అదే తెగులు బంగ్లాదేశ్‌లో దిగి సుమారు 15 వేల హెక్టార్లలో గోధుమని పట్టేసింది. అక్కడివాళ్ళు అంతుచిక్కలేదని కూర్చోలేదు, చేలోంచి ఆకులు తెచ్చి చదివించి ఆ డేటా అందరికీ తెరిచి పెట్టేసారు, కొద్ది వారాల్లోనే ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన రకం అని తేలిపోయింది. 1845లో ఐర్లండ్ బంగాళదుంప తెగులు ఉంది చూడండి, సుమారు 10 లక్షల మంది చచ్చిపోయారు, అప్పటి ఎండు ఆకులు మ్యూజియంలలో దాచి ఉంచితే వాటి డీఎన్ఏ కూడా 2013లో చదివేసారు. అన్నేళ్ళ ఎండు ఆకు మాట్లాడింది గానీ నిన్న కోసిన మా పచ్చి ఆకు మాట్లాడదా?

నా తప్పు కూడా చెప్పుకోవాలి. కిందటి ఖరీఫ్‌లో తుఫాను గాలి కొట్టి వెళ్ళిన వారానికి ఆకు కొస నుంచి అంచులు వంకరవంకరగా పసుపెక్కి ఎండిపోయాయి. మందుల కొట్లో చూపిస్తే అగ్గి తెగులన్నాడు, ట్రైసైక్లజోల్ ఇచ్చాడు, రెండుసార్లు కొట్టాను, బలం కావాలని పైన యూరియా కూడా వేసాను. మా గుంట వచ్చి ఒక ఆకు కోసి గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి కోసిన కొస ముంచి పెట్టింది. కొద్ది నిమిషాలకి కొసలోంచి పాలలాగా తీగలు జారాయి. బాక్టీరియా ఎండాకు తెగులు! బూజుకి కొట్టే మందు బాక్టీరియాకి ఏం చేస్తాది, పైగా నా యూరియా దానికి విందు భోజనం. ఈ తెగులుకి తట్టుకునేటట్టు 2008లోనే హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, వరి పరిశోధన వాళ్ళు కలిసి సాంబ మసూరిలో మూడు జీన్లు ఒకేసారి పెట్టి రకం వదిలారు, అందులో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశం అడవి వరిదట. ఒకదాన్ని తప్పించుకున్నా ఇంకోటి పట్టుకుంటాదని ఆలోచన. కొట్టువాడికీ తెలీదు, నాకూ తెలీదు.

ఊరికో ల్యాబు కట్టమని అనట్లేదండీ. ఇథియోపియాలో గోధుమ తుప్పు తెగులుకి అరచేతిలో పట్టే మిషన్‌తో ఏ రకం బూజో రోజుల్లో తేల్చేస్తున్నారు. మన జిల్లాలో సీజన్‌కి మండలానికో నాలుగు ఆకులు కవర్లో పెట్టి చదివించి ఏ కుటుంబం తిరుగుతోందో నాట్లకి ముందే చెప్తే, ఏ విత్తనం వద్దో మేమే చూసుకుంటాం. అధికారులు వినాలంటే ముందు మీలాంటి పేపరు అడగాలి.

మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. ఈసారి తెగులు వార్త వేస్తే ఏ విత్తనం, ఎప్పుడు నాటారు, ఏ మందు ఎన్నిసార్లు కొట్టారు అవి రాయించండి. ఫొటో కూడా రైతు తల పట్టుకుని గట్టు మీద కూర్చున్నది వద్దు సార్, కెమెరా కాస్త కిందికి దించి వెన్ను మెడ కనబడేటట్టు తీయించండి.

ఇట్లు,
ఒక వరి రైతు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.