గుప్పెడు గుప్పెడుగా మా ఇంటికొచ్చిన బియ్యం

మా పిల్లలు చదివే స్కూల్ సిస్టర్లకు, టీచర్లకు, అందరికంటే ముందు అక్కడి పిల్లలకు కృతజ్ఞతలు చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. స్కూల్ పేరు రాయడం లేదు. రాయొద్దని సిస్టర్ గారే అన్నారు. "పిల్లలకు చెప్పాలనిపిస్తే చెప్పమ్మా, మా పేర్లెందుకు?" అన్నారు. విశాఖ జ్ఞానాపురం చుట్టుపక్కల వాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది, దానికి నేనేం చెయ్యలేను.

సంక్రాంతి వెళ్లిన వారంలో మా ఆయన ఆటోను ఒక వ్యాను గుద్దేసింది. కుడికాలు విరిగింది. పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. వైద్యసేవ కార్డు మీద ఆపరేషన్‌కి డబ్బు కట్టక్కర్లేకపోయింది. ఆర్థో వార్డు నర్సమ్మలు సొంత మనిషిలా చూసుకున్నారు, వాళ్లకు దండాలు. కానీ ఆటో తోలే ఇంట్లో ఏ రోజు బండి తీస్తే ఆ రోజే డబ్బు. ఇంటద్దె ఆగదు, ఫైనాన్స్ వాయిదా అసలే ఆగదు. నేను రెండిళ్లలో వంట చేస్తాను. ఆ జీతం అద్దెకే సరిపోతుంది.

ఫిబ్రవరి 18న విభూది బుధవారం వచ్చింది. మేం కథోలికులం కాదు, మా ఇంట్లో ఉండేది సింహాద్రి అప్పన్న పటం. అయినా నాలుగో తరగతి చదివే మా అమ్మాయి నుదుటి మీద బూడిద బొట్టుతో వచ్చింది. కిందటేడు ఈస్టర్ ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారం నాడు, చర్చిలో పట్టుకున్న మట్టలనే కాల్చి ఆ బూడిద చేస్తారట. ఆ రోజు నుంచి ఈస్టర్ దాకా తపస్సుకాలం. ప్రార్థన, ఉపవాసం, దానం, ఈ మూడూ ముఖ్యమని అసెంబ్లీలో చెప్పారట. చిన్నపిల్లలు కదా, ఉపవాసం అంటే నాకు భయం వేసింది. అడిగితే సిస్టర్ గారు నవ్వారు. ఉపవాసం పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకేనట, శుక్రవారం మాంసం మానడం పద్నాలుగు నిండాకేనట. పిల్లలు తమకిష్టమైన చిరుతిండి ఏదో ఒకటి మానుకుని, ఆ డబ్బులు అట్టడబ్బాలో వేస్తే చాలన్నారు. శుక్రవారం మాత్రం ఇంటి నుంచి గుప్పెడు బియ్యం తేవాలి. మా అమ్మాయి పుల్ల ఐసు మానేసింది. అయితే నలభై రోజుల లెక్కలో ఆదివారాలు రావని ఎక్కడో విని, ఆదివారం ఆదివారం మాత్రం నా దగ్గర రూపాయలు వసూలు చేసేది. లెక్కల్లో దానికి తిరుగులేదు.

మొదటి శుక్రవారం డబ్బా అడుగున ఉన్నవి రేషన్ బియ్యమే. "మనకే లేవు కదమ్మా, నేను పట్టుకెళ్లనులే" అంది. నేనే గుప్పెడు తీసి కవర్లో కట్టిచ్చాను. క్లాసులో అందరూ గంపలో పోస్తుంటే నా కూతురు చేతులు కట్టుకుని నిలబడటం నాకు నచ్చలేదు.

మార్చి మొదట్లో ఒక సాయంత్రం ఇద్దరు పెద్దమనుషులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. విచారణలోని, అంటే ఇక్కడి చర్చి పరిధిలోని, విన్సెంట్ డి పాల్ సభ వాళ్లు. ఒకాయన రైల్వేలో చేసి రిటైరైన ఆయన. 1833లో పారిస్‌లో ఓజనాం అనే కాలేజీ కుర్రాడు స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన సభ అట అది. ఇళ్లకు వెళ్లి మనిషిని చూసి, మాట్లాడి సాయం చేయడమే వాళ్ల పద్ధతట. మా ఆయన కాలు చూశారు, ఎక్స్‌రే చూశారు, టీ తాగారు. ఎంత సంపాదిస్తావు, ఎంత అప్పుంది అని ఆరా తీయలేదు. వెళ్తూ వెళ్తూ "బియ్యం మూట గుమ్మం పక్కన పెట్టామమ్మా" అన్నారు. దాంతోపాటు కందిపప్పు, నూనె ప్యాకెట్లు, ఒక కవరు. ఆ కవరులో ఉన్నదే ఆ నెల వాయిదాకు సరిపోయింది.

ఫోటో తీయలేదు. ఈ మాట రాయకుండా ఉండలేను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పాల ప్యాకెట్ కోసం లైన్లో నిలబడ్డాం. ఇచ్చిన పెద్దాయన ఫోటో పడేదాకా ప్యాకెట్ వదలలేదు, ఆయన ఒక కొస, నేను ఒక కొస. కష్టంలో ఉన్నవాళ్లకు పాలు ముఖ్యమే, కానీ మొహం కూడా ఉంటుంది కదా.

స్కూల్లో ఈ సాయం ఎవరింటికి వెళ్లిందో పిల్లలకు ఇప్పటికీ చెప్పలేదు. సేకరించిన దాంట్లో కొంత కారితాస్ ఇండియా అనే కథోలిక సేవాసంస్థ వాళ్ల తపస్సుకాలపు నిధికి పోతుందని, మిగతాది దగ్గరలో అవసరంలో ఉన్న ఇళ్లకు అని మాత్రమే చెప్పారట. నీ కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని యేసుప్రభువు అన్నాడని, విభూది బుధవారం పూజలో చదివేది ఆ భాగమేనని సిస్టర్ గారు చెప్పారు. బాగుంది. కానీ గుట్టుగా ఉండాలన్న నియమం ఇచ్చినవాళ్లకు. పుచ్చుకున్నదాన్ని నేను, నాకు ఆ నియమం లేదు. అందుకే చెప్తున్నాను: పిల్లలూ, మీ బియ్యం మా ఇంట్లో వండుకున్నాం.

ఆ బియ్యం గురించి కూడా చెప్పాలి. సోనా మసూరి, రేషన్ బియ్యం, పాతవి, కొత్తవి, ఎవరో ఇడ్లీ బియ్యం కూడా పోశారు. ఎన్ని నీళ్లు పోసినా సగం మెతుకులు ముద్దవుతాయి, సగం పలుకుగా ఉంటాయి. వంట నా పని, నాకే కుదరలేదు. చివరికి కొంత నానబోసి దోసెల పిండి రుబ్బాను, కొంత గంజికి వాడాను. మా ఆయనకు మందులు వేసుకున్నాక ఆ గంజి బాగా పట్టింది. మూట విప్పినప్పుడు మా అమ్మాయి చూసి "ఇందులో మనవీ ఉంటాయా?" అని అడిగింది. ఉంటాయన్నాను. అప్పటికి దానికి అంతా అర్థమైపోయింది. ఎవరికీ చెప్పొద్దనలేదు నేను, అదే చెప్పలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం చర్చిలో సిలువ మార్గానికి వెళ్లి వెనక వరసలో నిలబడ్డాను. యేసు సిలువ మోసిన దారిని ఒక్కో స్థలం దగ్గర ఆగి తలుచుకునే ప్రార్థన అది. పద్నాలుగు స్థలాల్లో అయిదోది, సిరేనీయుడైన సీమోను యేసు సిలువ మోసే చోటు. పొలం నుంచి వస్తున్నవాణ్ని సైనికులు పట్టుకుని మోయించారట. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఆయనకు తప్పలేదు కాబట్టి మోశాడు. ఈ పిల్లల్ని ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

ఇంకా చెప్పాల్సినవాళ్లున్నారు. టర్మ్ ఫీజు గురించి ఒక్కసారి కూడా కబురు పెట్టని ఆఫీసు మేడమ్ గారు. ఒకటో తరగతి చదివే మా వాణ్ని రోజూ తన పిల్లలతోపాటు స్కూల్ నుంచి దించి వెళ్లిన వెనకింటి అక్క. రంజాను ఉపవాసంలో ఉండి కూడా మా ఆయన్ని డ్రెస్సింగ్‌కి తీసుకెళ్లి తీసుకొచ్చిన స్టాండులోని అన్న, పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే కోప్పడ్డాడు. అందరికీ పేరుపేరునా దండాలు.

వచ్చే వారం నుంచి బండి తీయొచ్చని డాక్టరు గారు చెప్పారు. మా ఆయన ఒక మాట రాయమన్నాడు. విచారణలో కేజీహెచ్‌కి చెకప్‌కి వెళ్లాల్సిన పెద్దవాళ్లుంటే ముందురోజు సాయంత్రం స్కూల్ గేటు దగ్గర వాచ్‌మన్ తాతకు చెప్పి ఉంచండి. ఓపీ చీటీ లైను పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి ఆరున్నరకల్లా ఆటో మీ గుమ్మం ముందుంటుంది. కిరాయి ఎంతని మాత్రం అడగొద్దు.