వీసా చేతికొచ్చాక మిగిలి ఉన్న విచారణ

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. విదేశీ వీసాల గురించి మీ పత్రికలో వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతాను. దరఖాస్తు ఎలా నింపాలి, ఇంటర్వ్యూకి ఏయే కాగితాలు పట్టుకెళ్లాలి, స్లాటు దొరకాలంటే ఏం చేయాలి అన్న సంగతులు వాటిలో వివరంగానే ఉంటున్నాయి. అయితే పాస్‌పోర్టులో వీసా పడిన తర్వాత, విమానం దిగి ఇమిగ్రేషన్ కౌంటరు ముందు నిలబడినప్పుడు ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ రాయడం లేదు. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి మొదటిసారి బయలుదేరే పెద్దవాళ్లకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఆ సమాచారమే కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ 2009లో వీసాలివ్వడం మొదలుపెట్టేదాకా తెలుగు జిల్లాల వారు చెన్నైలో జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేట్‌కే రావలసి వచ్చేది. మా పెరంబూరులో చాలా ఇళ్లకు నెల్లూరు నుంచో గుంటూరు నుంచో బంధువులు ముందురోజు రాత్రే వచ్చి దిగేవారు. వీసా వచ్చిందంటే సాయంత్రానికి స్వీట్లు పంచి, అక్కడితో గండం గడిచిందనుకునేవారు. ఆ నమ్మకం ఇప్పటికీ మన ఇళ్లలో అలాగే ఉంది. చట్టం అలా చెప్పదు. అమెరికా వలస చట్టం ప్రకారం వీసా అన్నది ఆ దేశపు గుమ్మం దాకా వెళ్లి ప్రవేశం కోరడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. లోపలికి రానివ్వాలా వద్దా, రానిస్తే ఎన్నాళ్లకు అన్నది అక్కడి కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ అధికారి, అంటే సీబీపీ అధికారి, ఆ పూట నిర్ణయిస్తారు. వీసా ఇచ్చేది అక్కడి విదేశాంగ శాఖ, ఈ తనిఖీ చేసే సీబీపీ ఉండేది హోంలాండ్ సెక్యూరిటీ, అంటే దేశ అంతర్గత భద్రత శాఖ కింద. షెంగెన్ దేశాల, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల, వీసా నిబంధనల్లోనూ వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశ హక్కు రాదని రాసి ఉంది. మన దేశానికి వచ్చే విదేశీయుడిని కూడా వీసా ఉన్నా విమానాశ్రయం నుంచే వెనక్కి పంపే అధికారం మన ఇమిగ్రేషన్ అధికారులకు ఉంది కాబట్టి దీన్ని ప్రత్యేకంగా మన మీద చూపించే వివక్ష అనుకోనక్కరలేదు.

ఈ తేడా తెలియక మన వాళ్లు పడిన ఇబ్బంది కొత్తదేమీ కాదు. 2015 డిసెంబరులో కాలిఫోర్నియా కాలేజీలలో చేరడానికి వీసాలతో వెళ్లిన తెలుగు విద్యార్థులు కొందరిని శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం నుంచే తిప్పి పంపారు. ఆ తర్వాత హైదరాబాదులో బయలుదేరవలసిన మరికొందరిని విమానయాన సంస్థే ఎక్కించుకోలేదు. వాళ్ల వీసాలు నిజమైనవే. విమానయాన సంస్థకు మనల్ని ఆపే ఆసక్తి ఏముంటుందని అప్పట్లో చాలామంది అడిగారు. ప్రవేశం దొరకని ప్రయాణికుణ్ణి వెనక్కి తీసుకురావలసిన బాధ్యత ఆ సంస్థదే కనుక అవి జాగ్రత్తపడతాయి.

కౌంటరు దగ్గర జరిగేది మామూలుగా రెండు మూడు నిమిషాల పని. పాస్‌పోర్టు చూస్తారు, ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, ఎందుకొచ్చారు, ఎవరింటికి, ఎన్నాళ్లుంటారు, ఎప్పుడు తిరిగి వెళ్తారు అని అడుగుతారు. వీసా దరఖాస్తులో మనం రాసిన వివరాలు వాళ్ల కంప్యూటరులో కనిపిస్తాయి. ఈ ప్రశ్నలకు జవాబులు ప్రయాణికుడికి స్వయంగా తెలిసి ఉండాలి. మన ఇళ్లలో జరిగేది వేరు: టికెట్లు పిల్లలు బుక్ చేస్తారు, తేదీలు వాళ్లే నిర్ణయిస్తారు, జవాబులు మాత్రం కన్సల్టెన్సీ వాళ్లో, అంతకుముందు వెళ్లొచ్చిన పక్కింటివాళ్లో బట్టీ పట్టిస్తారు. ఒకసారి వరుసలో నా ముందు నిలబడిన దంపతులను ఎన్నాళ్లుంటారని అధికారి అడిగితే భర్త తడుముకోకుండా ‘సిక్స్ మంత్స్’ అన్నాడు. అధికారి తిరుగు టికెట్టు అడిగి చూశాడు. అందులో రెండున్నర నెలలే ఉంది. ఏది నిజమని మళ్లీ అడిగితే ఆయన కూతురి ఫోన్ నంబరు రాసిన చీటీ తీసి ఇచ్చాడు. భార్యను అడిగితే ఆవిడ భర్త ముఖం చూసింది. ఇద్దరినీ పక్క గదికి పంపారు. మా సామాన్లు బెల్టు మీద తిరిగి తిరిగి ఆగిపోయే వేళకు వాళ్లు బయటికి వచ్చారు, అది వేరే విషయం. ఆయన అబద్ధమాడలేదు, ఎవరో చెప్పమన్నది చెప్పాడంతే.

ఇంతకంటే చిక్కైనది మనవల విషయం. కాన్పుకి సాయం వెళ్లడం మనకు తల్లిగా చేయవలసిన పని. అక్కడి నిబంధన చూస్తే సందర్శకుల వీసా మీద ఉద్యోగం చేయకూడదు, జీతమిచ్చి ఆయాను పెట్టుకోవలసిన పనిని వచ్చినవాళ్లతో చేయిస్తున్నారని అధికారికి అనిపిస్తే ప్రశ్నలు పెరుగుతాయి. పుట్టిన బిడ్డను చూసి, కూతురి దగ్గర కొన్నాళ్లు ఉండి రావడానికి వెళ్తుంటే ఆ మాటే చెప్పాలి, దాచవలసినదేమీ లేదు. అత్తమామలు ఆరు నెలలు, అమ్మానాన్నలు ఆరు నెలలు చొప్పున వంతులు వేసుకుని, కూతురూ అల్లుడూ ఉద్యోగాలకు వెళ్లడానికి వీలు కల్పించడమే అసలు ఏర్పాటైతే మాత్రం ఎంత చక్కటి జవాబు బట్టీ పట్టించి పంపినా లాభం లేదు. పెద్దవాళ్లను ఆ ఇరకాటంలోకి నెట్టకుండా పిల్లలే ఆలోచించాలని నా అభిప్రాయం.

పక్క గదికి, అంటే సెకండరీ తనిఖీకి పంపడం అరెస్టు కాదు. అనుమానం వల్లనే కాదు, పేరు ఇంకెవరి పేరుతోనో కలవడం వల్ల కూడా పంపుతారు. అక్కడ సాధారణంగా ఫోన్ వాడనివ్వరు, కాబట్టి బయట ఎదురుచూసే పిల్లలు కంగారుపడకుండా ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఇంగ్లీషు అర్థం కాకపోతే తెలుగు దుభాషి కావాలని అడగవచ్చు. ఫోన్ ద్వారా అనువాదం ఏర్పాటు చేస్తారు. అర్థం కాని ప్రశ్నకు తల ఊపడం కన్నా ఇలా అడగడం ఎంతో మేలు. ఫోనూ లాప్‌టాపూ తెరిచి చూపమనే అధికారం కూడా వాళ్లకుంది. అలా అడిగేది బహు కొద్దిమందినే అయినా, విదేశీయుడు నిరాకరిస్తే ప్రవేశం నిరాకరించవచ్చు. చివరికి తిప్పి పంపాలనే నిశ్చయించుకుంటే రెండు దారులుంటాయి. ప్రవేశం కోసం చేసుకున్న అభ్యర్థనను మనంతట మనమే ఉపసంహరించుకోవడానికి అధికారి ఒప్పుకోవచ్చు. లేదా ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ అనే పద్ధతిలో వెంటనే బహిష్కరించవచ్చు. రెండో దాని వల్ల మామూలుగా అయిదేళ్లపాటు మళ్లీ ప్రవేశం ఉండదు. ఏ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారో చదివించుకుని, అర్థమయ్యాకే పెట్టాలని చెప్పేది ఇందుకే.

చెన్నై నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు కనుక మనం ఎక్కడో ఒకచోట మారవలసిందే. అబుధాబి మీదుగా వెళ్లేవారికి అమెరికా తనిఖీ అక్కడే పూర్తవుతుంది. 2014 నుంచి సీబీపీ అధికారులు ఆ విమానాశ్రయంలోనే ఉన్నారు. అమెరికాలో దిగాక తనిఖీ ఉంటుందని నిశ్చింతగా కూర్చున్నవాళ్లు ఈ వరుస చూసి హడావుడి పడుతుంటారు. అక్కడ మారడానికి తగినంత వ్యవధి ఉన్న టికెట్టు తీసుకోవాలి.

సామాను సంగతి క్లుప్తంగా చెబుతాను. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే పురుగు ఆశ్రయించే మొక్క కాబట్టి పచ్చి కరివేపాకును అమెరికాలోకి రానివ్వరు. తడి గుడ్డలో చుట్టి చీరల మధ్య పెట్టినా స్కానరు పట్టేస్తుంది, కుక్కలు వాసన పడతాయి. మాంసం పచ్చళ్లు, తాజా పళ్లు, బియ్యం కూడా అంతే. పట్టుకెళ్లిన తినుబండారాలన్నీ ఉన్నాయని ముందే చెబితే కూడనివి తీసి పారేస్తారు, చెప్పకుండా దొరికితే జరిమానా వేస్తారు. ఇంటిల్లిపాది కలిసి 10,000 డాలర్లకు మించిన నగదు తీసుకెళ్తే అదీ ప్రకటించాలి. దుబాయిలో కొన్నాళ్లు ఆగేవారు గసగసాలు అసలు పెట్టుకోకూడదు. అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి.

యూరప్ వెళ్లేవారికి 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు ఫొటో, వేలిముద్రలతో రాకపోకలు నమోదు చేసే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్న లెక్క ఇక కంప్యూటరే వేస్తుంది. బస వివరాలు, 30,000 యూరోల ఆరోగ్య బీమా, ఖర్చులకు డబ్బున్నట్టు ఆధారం వీసా కోసం చూపించాం కదా అని ఇంట్లో వదిలేయకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి. అక్కడ ప్రవేశం నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇస్తారు, అప్పీలు చేసుకునే హక్కూ ఉంటుంది.

లోపలికి రానిచ్చారు కదా అని ఊపిరి పీల్చుకున్నాక ఒక పని మిగులుతుంది. మన వాళ్లకు అమెరికా సందర్శక వీసా సాధారణంగా పదేళ్లకు ఇస్తారు. అది ఎన్నాళ్ల వరకు వెళ్లవచ్చో చెబుతుందే గానీ ఎన్నాళ్లుండవచ్చో చెప్పదు. ఉండే గడువు ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, అది మామూలుగా ఆరు నెలలు. 2013 నుంచి విమాన ప్రయాణికులకు కాగితం ఇవ్వడం మానేశారు కనుక దిగిన రెండు మూడు రోజుల్లోనే పిల్లలు ఆన్‌లైన్‌లో ఆ రికార్డు తీసి పేరు, పాస్‌పోర్టు నంబరు, గడువు తేదీ సరిపోయాయో లేదో చూసి దాచుకోవాలి. ఆ తేదీ దాటితే చేతిలో పదేళ్ల వీసా ఉన్నా అది రద్దయినట్టే. గడువు తీరాక 180 రోజులకు మించి ఉండిపోతే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి ప్రవేశం ఉండదు.

ఈ విషయాలన్నీ ఆయా ప్రభుత్వాల సైట్లలో ఇంగ్లీషులో ఉన్నాయి, కానీ అవసరమైన పెద్దవాళ్లు చదివేది మీ పత్రికను. వీసా శీర్షిక నిర్వహిస్తున్న నిపుణుల చేత ప్రవేశ తనిఖీ గురించి ఒక పూర్తి పేజీ రాయించి, కత్తిరించి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకునేలా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. చెన్నైలోని తెలుగు సంఘాలు కూడా దాన్ని ప్రతులు తీయించి పంచిపెట్టవచ్చు. తల్లిదండ్రుల ప్రయాణాలు వేసవిలోనూ, విద్యార్థుల ప్రయాణాలు ఆగస్టుకు ముందూ ఎక్కువగా ఉంటాయి కాబట్టి మార్చి నెలలోపు వస్తే ఇద్దరికీ ఉపయోగపడుతుంది.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై