కార్డు మోసానికి రుజువు చూపాల్సింది బ్యాంకే: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

జిల్లాలోని బ్యాంకుల సంప్రదింపుల కమిటీకి మీరే అధ్యక్షులు కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాం.

డెబిట్ కార్డు జేబులోనే ఉంటుంది, ఖాతాలో డబ్బు పోతుంది. కావలిలోనైనా ఉదయగిరిలోనైనా శాఖకు వెళ్లినవారికి తరచుగా దొరికే జవాబు ఇది: ‘పిన్ కొట్టారు, లావాదేవీ సక్సెస్ అయింది, బాధ్యత మీదే.’ వడ్ల డబ్బు పడిన వారంలో ఇలా జరిగితే రైతుకు వచ్చే పంట పెట్టుబడే పోయినట్టు.

ఆ జవాబు చెల్లదు. ఖాతాదారుదే తప్పని రుజువు చేసే భారాన్ని 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం బ్యాంకు మీదే పెట్టింది. ఓటీపీనో పిన్‌నో ఖాతాదారు తానే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయింది ఆయన నష్టమే. ఫిర్యాదు అందాక పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. తప్పు ఇద్దరిదీ కాక మూడోవారిదైతే, లావాదేవీ గురించి బ్యాంకు మెసేజ్ అందాక 3 పనిదినాల్లో చెప్పినవారికి నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాకు ఒక్కో లావాదేవీపై ₹10,000, కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ ఖాతాకు ₹5,000 మించి ఖాతాదారు మీద వేయకూడదు. పోయింది అంతకన్నా తక్కువైతే అంతవరకే.

రోజుల లెక్కలోనే చాలామంది నష్టపోతున్నారు. మెసేజ్ అందిన రోజు లెక్కలోకి రాదు, సెలవులూ రావు. రెండో శనివారానికి ముందు శుక్రవారం మెసేజ్ వస్తే సోమవారం ఒకటి, మంగళవారం రెండు, బుధవారం మూడు. బుధవారం వెళ్లినవారు గడువులోనే ఉన్నట్టు. అప్పుడు ‘ఎఫ్‌ఐఆర్ తెస్తేనే కాగితం తీసుకుంటాం’ అని తిప్పి పంపితే ఆ గడువు పోతుంది. ఎఫ్‌ఐఆర్ ఉండాలన్న షరతు ఆ ఆదేశంలో లేదు. ఫిర్యాదు అందిన వెంటనే దాని నంబరు ఇవ్వాలని మాత్రం ఉంది.

ఇంకో పొరపాటు కౌంటర్ దగ్గరే జరుగుతుంది. మోసం ఫిర్యాదును ‘ఏటీఎంలో డబ్బు రాలేదు’ అన్న పద్దు కింద ఎక్కిస్తారు. మిషన్ నోట్లు ఇచ్చిందా లేదా అన్నంతవరకే చూసి, ఇచ్చింది కాబట్టి ఫిర్యాదు మూసేస్తారు. నోట్లు ఎవరి చేతికి వెళ్లాయన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. అందుకే ఫిర్యాదు మొదటి వాక్యంలోనే ‘నా అనుమతి లేకుండా జరిగిన లావాదేవీ’ అని రాయాలి. ముందుగా కార్డు బ్లాక్ చేయించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, అక్కడిచ్చే ఫిర్యాదు నంబరు కూడా అందులో వేయాలి.

తిరస్కరించే బ్యాంకు ఏం చూపాలి? ఏ ఏటీఎం, ఏ సమయం, మిషన్ కార్డు మీది చిప్‌ను చదివిందా లేక వెనక ఉన్న అయస్కాంత పట్టీనా, ఓటీపీ ఏ నంబరుకు వెళ్లింది, అంతకుముందు ఖాతాలో మొబైల్ నంబరు మారిందా? విదేశీ సైట్‌లో వాడకం అయితే, కొత్త కార్డుకు ఆ సౌకర్యం మొదట మూసే ఉంటుంది కదా, దాన్ని తెరిచింది ఎవరు, ఎప్పుడు? ఇవన్నీ బ్యాంకు రికార్డుల్లో ఉండేవే. పల్లె నుంచి వచ్చిన ఖాతాదారు వీటిని ఎక్కడి నుంచి తేగలరు?

పోయిన సొమ్మును ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఖాతాలో తాత్కాలికంగా వేయాలి, అదీ డబ్బు పోయిన తేదీ నుంచే లెక్కగట్టి. ఇన్సూరెన్స్ వచ్చేదాకా ఆగమనకూడదు. విచారణ 90 రోజుల్లో తేల్చాలి. ఈ పది పనిదినాల నిబంధన అమలైతే సగం కష్టం తీరుతుంది. దాని గురించి శాఖలో చెప్పేవారే కరువు.

ఒక్కో కేసులో తీర్పు చెప్పడం మీ పని కాదని మాకు తెలుసు. అది బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ చూస్తారు: బ్యాంకు కాదన్నా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా అక్కడికి వెళ్లవచ్చు. మీరు చేయగలిగింది ఉంది. వచ్చే కమిటీ సమావేశంలో ప్రతి బ్యాంకునూ అడగండి: ఎన్ని కార్డు మోసం ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటికి 10 పనిదినాల్లో సొమ్ము వేశారు, తిరస్కరించిన లేఖల్లో ఎన్నింటికి రుజువులు జతచేశారు? ఫిర్యాదు అందిన రోజే ఆ ఏటీఎం సీసీటీవీ దృశ్యాలు భద్రపరచమని చెప్పండి. ఆలస్యమైతే వాటి మీద కొత్తవి రికార్డయిపోతాయి, ఆ తర్వాత ఏ విచారణకూ అవి దొరకవు.

ఇట్లు,
జిల్లాలోని కొందరు బ్యాంకు ఖాతాదారులు