కుతుబ్ మీనార్ దగ్గర మా అమ్మను చూసుకున్న పెద్దాయనకు

మొన్న ఢిల్లీలో హుమాయూన్ సమాధి చూసుకుని, కుతుబ్ మీనార్‌కు వచ్చేసరికి ఎండకు అమ్మకు కళ్లు తిరిగాయి. నాకు ఒకటే టెన్షన్. మీరే గబగబా వచ్చి, చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టారు. మీ సీసాలో నీళ్లు తాగించారు.

అమ్మ తేరుకునేదాకా మీరు కదల్లేదు. పైగా కూర్చున్న చోటి నుంచే అన్నీ చూపించారు. దాదాపు 73 మీటర్ల మీనార్‌లో పైన తెల్ల పాలరాయి కనిపించేది, పిడుగు పడ్డాక ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించిన భాగమని చెప్పారు. దాదాపు 1,600 ఏళ్ల ఇనుప స్తంభం తుప్పు పట్టకపోవడానికి అందులోని ఫాస్ఫరస్ వల్ల ఏర్పడ్డ పలుచని పొరే కారణమట! మీ హిందీ అమ్మకు సగమే అర్థమైంది, అయినా ఊ కొడుతూనే ఉంది.

తర్వాత మెల్లగా నడిపించి, మసీదు వసారాలో పాత గుడి స్తంభం మీద చెక్కిన గొలుసు, గంట చూపించారు. అమ్మ దాన్ని తాకబోయి, ఆగి, దణ్ణం పెట్టుకుంది. ఆ గంట గురించే ఇంటికొచ్చాక అందరికీ చెబుతోంది.

మీ పేరు అడిగేలోపే జనంలో కలిసిపోయారు. అమ్మ ఇప్పుడు బాగుంది. మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.