పక్క మంచం దగ్గరి పెద్దమ్మకు

పెద్దమ్మా, పోయిన వారం గుంటూరు ఆసుపత్రి వార్డులో మీ పేరు అడగడం మరిచిపోయాను. నేను అక్కడ కౌన్సెలింగ్ చేసే అమ్మాయిని.

మీ పక్క మంచం మీద ఉన్నది ప్రాణం తీసుకోబోయి బతికిన మిర్చి రైతు. పోలీసు కేసవుతుందనే భయంతో ఇంటివాళ్లు నోరు విప్పలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదని చెప్పాను. ఊళ్లలో ఇది ఇంకా చాలామందికి తెలియదు, అదే నా బాధ. నా మాట వాళ్లకు ఎక్కలేదు.

మీరు క్యారేజీ విప్పి, ఆయన భార్య చేతిలో పెరుగన్నం ముద్ద పెట్టి, "మా ఆయనకీ ఇలాగే అయిందమ్మా. ఈ మేడమ్‌కి చెప్పు, దాచుకోకు" అన్నారు. ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత అప్పుల సంగతీ, ఆయన నెలరోజులుగా నిద్రపోని సంగతీ బయటికొచ్చాయి. నా పని మొదలైంది అప్పుడే.

వాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 రాసిచ్చాను. రాత్రయినా, పగలైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

మీకు చెబుదామని వస్తే మంచం ఖాళీగా ఉంది, డిశ్చార్జ్ అయ్యారన్నారు. పెద్దమ్మా, మీకు నా నమస్కారాలు.